కొమ్మ మీద పడే వెలుగెంతో పెట్టె మీద రాయండి

పెంపుడు సరీసృపాల దీపాలు తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, ఆ దీపాలను కిట్లుగా కట్టి అమ్ముతున్న దుకాణాల వారికి,



ఊసరవెల్లి స్టార్టర్ కిట్ అని మీరు అమ్మే పెట్టె విప్పితే ఏముంటుంది? మెలికలు తిరిగిన చిన్న యూవీబీ (అతినీలలోహిత-బి) బల్బు, వేడికి ఒక స్పాట్ బల్బు, చాలాసార్లు రాత్రికని ఒక ఎర్ర బల్బు, వాటిని తగిలించడానికి ఒకటో రెండో డోములు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 5.0 అనో 10.0 అనో ఒక అంకె, పక్కన ఇన్ని వాట్లు అని ఇంకో అంకె, వెనకాల ఎడారి బొమ్మో అడవి బొమ్మో. ఆ దీపాన్ని ఎంత ఎత్తున కట్టాలి, కింద కొమ్మ మీద కూర్చున్న జంతువు ఒంటికి ఎంత యూవీబీ తగులుతుంది అన్న ముక్క మాత్రం చాలా పెట్టెల మీద భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. అడిగితే, జంతువు అవసరాలు తెలుసుకోవలసిన పూచీ పెంచేవాళ్లదే, మేం దీపం అమ్ముతాం అంతే అంటారు. ఆ మాట ఒప్పుకోలేకే ఈ ఉత్తరం. మీరు అమ్ముతున్నది హాల్లో వేసుకునే దీపమే అయితే ఈ గొడవ లేదు. నాలుగు గోడల మధ్య బంధించిన ప్రాణికి ఇదే సూర్యుడు అని చెప్పి అమ్ముతున్నారు. మోతాదు రాయని మందుసీసాను ఏ మందుల షాపువాడైనా అమ్మగలడా? మరి సూర్యుడి పని ఒప్పుకున్న మీకు ఆ మినహాయింపు ఎవరిచ్చారు?

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. 5.0, 10.0, లేదా 6 శాతం, 12 శాతం అన్నవి దీపం వెలువరించే కాంతిలో యూవీబీ వాటా ఎంతో సుమారుగా తెలిపే గుర్తులు. వాటా తెలిసినంత మాత్రాన మొత్తం తెలియదు. అదే 10.0 లావుపాటి టీ8 ట్యూబులో ఒక తీరు, సన్నటి టీ5 హై అవుట్‌పుట్ ట్యూబులో ఇంచుమించు దానికి రెట్టింపు. మెలికల బల్బులో దగ్గరగా తీవ్రంగా పడి, కాస్త దూరం జరిగేసరికి పల్చబడిపోతుంది. ట్యూబు వెనక మంచి రిఫ్లెక్టర్ పెడితే కిందికి దిగే వెలుగు దాదాపు రెండింతలవుతుంది. పంజరం పైన ఉండే జాలీ దాని అల్లికను బట్టి మూడో వంతు నుంచి సగం దాకా మింగేస్తుంది. మధ్యలో మామూలు గాజు పలకో ప్లాస్టిక్ మూతో ఉందంటే యూవీబీ కింది దాకా రానే రాదు. కిటికీ అద్దం పక్కన పంజరం పెట్టి ఎండ తగులుతోంది కదా అనుకునే వాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. మీకు తెలుసు. వాట్లయితే మరీ అన్యాయం, అవి దీపం ఎంత కరెంటు తాగుతుందో చెబుతాయి, ఎంత యూవీబీ ఇస్తుందో చెప్పవు.

ఆ ఎడారి, అడవి బొమ్మలు ఇంకా ఘోరం. పెంపకంలో ఎక్కువగా కనబడే ఊసరవెల్లులు రెండు. ఒకటి యెమెన్, సౌదీ అరేబియాల నుంచి వచ్చిన వెయిల్డ్ ఊసరవెల్లి, రెండోది మడగాస్కర్ తీరపు పాంథర్ ఊసరవెల్లి. అరేబియా పేరు వినగానే కొనేవాడు ఎడారి బొమ్మ ఉన్న పెట్టె తీస్తాడు. మడగాస్కర్ అంటే వానలు, చెట్లు కదా అని అడవి బొమ్మ ఉన్న పెట్టె తీస్తాడు. అసలు వెయిల్డ్ ఊసరవెల్లి ఇసుక దిబ్బల జీవి కాదు, నైరుతి అరేబియా కొండ లోయల్లో చెట్టూ చేమా పట్టుకుని బతికేది. యూవీ అవసరం విషయానికొస్తే ఈ రెంటినీ పరిశోధకులు ఒకే వర్గంలో పెట్టారు. అంటే మీ బొమ్మల్ని నమ్మి కొన్న ఇద్దరిలో ఒకరైనా తప్పు దీపం ఇంటికి తీసుకెళ్తున్నట్టే. అమ్మకానికి పనికొచ్చే బొమ్మ జంతువుకు పనికిరాకపోతే ఆ తప్పు కొన్నవాడిదా, బొమ్మ వేసినవాడిదా?

కొలమానం లేదని మీరు అనడానికి లేదు. యూవీ ఇండెక్స్ అన్నది ఫోన్లో వాతావరణం చూసుకునే ప్రతి మనిషికీ కనబడే అంకె. ఎండాకాలం మధ్యాహ్నాల్లో తెలుగు నేల మీద అది 11 దాటడం మామూలే. పరిశోధకుడు గ్యారీ ఫెర్గుసన్ బృందం బల్లులూ పాములూ ఆరుబయట తమంతట తాముగా ఎంత యూవీకి ఒళ్లప్పగిస్తాయో కొలిచి, 2010లో వాటిని నాలుగు వర్గాలుగా విడగొట్టింది. నీడన తిరిగేవి ఒకటో వర్గం, నడినెత్తి ఎండకు కూడా వెరవనివి నాలుగోది. 2016లో ఫ్రాన్సెస్ బెయిన్స్, ఆమె సహచరులు ఆ పద్ధతిని జంతుప్రదర్శనశాలల్లోని వందలాది జాతులకు విస్తరించారు. మన రెండు ఊసరవెల్లులూ మూడో వర్గం. ఆ వర్గం రోజంతా సగటున పొందేది 1.0 నుంచి 2.6 దాకా, ఎండ కాచుకునే వేళ అందుకునే గరిష్ఠం 2.9 నుంచి 7.4 దాకా. అనుభవజ్ఞులైన పెంపకందారులు ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 3 చుట్టుపక్కల ఉండేట్టు చూస్తారు. పొద్దుటి నీరెండ దాటి ఎండ చురుక్కుమనడం మొదలయ్యే వేళ మనకు తగిలేది అటూఇటూగా అంతే. ఈ లెక్కలన్నీ అచ్చయి ఏళ్లయింది. దీన్ని కొలిచే చేతి మీటరు బజారులో ఉంది. మీ ప్రయోగశాలల్లో అంతకన్నా మంచి పరికరాలే ఉంటాయి. పది సెంటీమీటర్ల దగ్గర ఎంత, ముప్పై దగ్గర ఎంత అన్నది కొలవకుండా మీరు దీపాన్ని మార్కెట్లోకి వదిలారా? కొలవకపోతే అది నిర్లక్ష్యం. కొలిచి కూడా పెట్టె మీద రాయకపోతే దాన్ని ఏమనాలి?

ఇంతా చేసి ఓ అంకె కోసం ఇంత పట్టుదల ఎందుకంటారా? తక్కువైతే ఏమవుతుందో చూడండి. చర్మంలో ఉండే ఒక పదార్థం, పేరు 7-డీహైడ్రోకొలెస్టరాల్, యూవీబీ తగలగానే విటమిన్ డి3కి ముందు రూపంగా మారుతుంది. ఒంటి వేడికి అది నెమ్మదిగా డి3 అవుతుంది. అందుకే వెలుగూ వేడీ రెండూ ఒకేచోట దొరకాలి, చల్లటి మూలన యూవీ పడితే సగం పనే జరుగుతుంది. డి3 లేకపోతే తిన్న కాల్షియం పేగులోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల్లోంచి పీకి తెస్తుంది. కాళ్లు విల్లులా వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, కొమ్మ పట్టు సడలుతుంది, నాలుక విసరడం చేతకాక కళ్ల ముందున్న పురుగును కూడా అందుకోలేని స్థితి వస్తుంది. నాలుకే తుపాకీ అయిన జంతువుకు అంతకంటే శిక్ష ఏముంటుంది? గుడ్లు పెట్టే ఆడదానికి కాల్షియం ఇంకా ఎక్కువ కావాలి. తల్లి పొందిన యూవీకీ గుడ్లు పిల్లలవడానికీ సంబంధం ఉందని పాంథర్ ఊసరవెల్లుల మీద ఫెర్గుసన్ బృందమే చూపించింది.

అలాగని ఎక్కువ ఇస్తే పోయేదేముంది అనుకోవడానికీ లేదు. ఇక్కడ మోతాదుతో పాటు తరంగాల పొడవు లెక్కలోకి వస్తుంది. నేలకు చేరే ఎండలో 290 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు ఉండవనే చెప్పాలి. అసలు ఎండలో ఒక కట్టుబాటు ఉంది. చర్మంలో డి3 ముందు రూపం మోతాదు మించితే, అదే ఎండలోని పొడవాటి తరంగాలు దాన్ని పనికిరాని పదార్థాలుగా విరగ్గొట్టేస్తాయి, కాబట్టి ఎండ వల్ల డి3 విషమవదు. తరంగాలు పొట్టివైపు మొగ్గిన దీపంలో ఆ కట్టుబాటు తప్పుతుంది, కంటికీ చర్మానికీ దెబ్బ తగులుతుంది. ఇది ఊహ కాదు. 2000ల్లో కొన్ని కాంపాక్ట్ బల్బుల కింద, కొన్ని ట్యూబుల కింద ఉంచిన సరీసృపాలు కళ్లు వాచి, తెరవలేక, తిండి మానేశాయి. బ్రిటన్‌లో బెయిన్స్ వంటివారు ఆ దీపాల వర్ణపటాలు కొలిచి, ఎండలో ఉండని పొట్టి తరంగాలు వాటిలోంచి వస్తున్నాయని బయటపెట్టారు. ఆ తర్వాత కొన్ని దీపాల తయారీ మారింది కూడా. కొలత బయటికొస్తే వస్తువు బాగుపడుతుందని మీ పరిశ్రమ చరిత్రే చెబుతోంది. మరి ఇవాళ ఊరూపేరూ లేని దీపాలు ఆన్‌లైన్‌లో యూవీబీ అన్న మూడక్షరాలతో అమ్ముడవుతుంటే, వర్ణపటం గ్రాఫు అచ్చువేసి మీ దీపం వేరని చూపించుకోవడం మీకే లాభం కాదా? ఆ దీపం వైపు కళ్లప్పగించి చూసేది ఊసరవెల్లి ఒక్కటే కాదు, పంజరం ముందు గంటలు గంటలు కూర్చునే పిల్లలు కూడా.

దీపం ఎలా ఉన్నా డి3 పొడి పురుగుల మీద చల్లి పెడితే సరిపోతుంది కదా అన్నది తరచూ వినపడే వాదన. దీనికి 2009లోనే జవాబు వచ్చింది. కార్‌స్టెన్, ఫెర్గుసన్, చెన్, హోలిక్ కలిసి చేసిన అధ్యయనంలో, తిండిలో డి3 తక్కువ దొరికిన పాంథర్ ఊసరవెల్లులు యూవీ వెలుగులోకి ఎక్కువగా వచ్చాయి, తిండిలో బాగా దొరికినవి తక్కువగా వచ్చాయి. అవి తమ మోతాదు తామే, అదీ చాలా కచ్చితంగా సర్దుకున్నాయి. నోటి ద్వారా పోయే డి3కి ఈ సౌలభ్యం లేదు, చెంచా పట్టుకున్న మనిషి ఎంత చల్లితే అంత లోపలికి పోతుంది, మించితే విషం. పొడి పూర్తిగా మానేయమని నేననడం లేదు. జంతువుకే తెలిసిన లెక్కను దాని చేతిలోంచి లాక్కోవద్దంటున్నాను. ఆ లెక్క సాగాలంటే వెలుగు ఒకచోట గాఢంగా, పక్కన పల్చగా, ఆకుల చాటున అసలు లేకుండా, మెట్లుమెట్లుగా దొరకాలి. పంజరం వెడల్పంతా పరుచుకునే పొడవాటి ట్యూబు, కింద గుబురు మొక్కలు ఉంటే అది కుదురుతుంది. మెలికల బల్బు వేసే గుప్పెడు వెలుగులో కుదరదు, దానికింద ఉంటే ఎక్కువ, జరిగితే ఏమీ లేదు. కిట్లలో ఎక్కువగా కనబడేది ఆ బల్బే. చవకని, ఏ హోల్డరుకైనా పడుతుందని.

ఇక వేడి. ఎదిగిన వెయిల్డ్, పాంథర్ ఊసరవెల్లులకు ఎండ కాచుకునే చోట 30 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటే చాలు, పిల్లలకు అంతకన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ, కెన్యా కొండల జాక్సన్ ఊసరవెల్లికి ఇంకా తక్కువ. ఇందుకు ఎన్ని వాట్ల బల్బు కావాలన్నది గదిని బట్టి ఉంటుంది. చలిదేశపు గదిని మనసులో పెట్టుకుని కట్టిన కిట్‌ను మే నెల హైదరాబాదులోనో విజయవాడలోనో వెలిగిస్తే ఏమవుతుంది? గదే 35 దాటి ఉంటుంది. అప్పుడు వేడి బల్బు అక్కర్లేదు, యూవీబీ మాత్రం రోజూ కావాలి. అందుకే వేడి దీపం వేరుగా, యూవీ దీపం వేరుగా ఉండాలి. రెండూ ఒకే బల్బులో ఇచ్చే మెర్క్యూరీ వేపర్ దీపాన్ని డిమ్మరుతో తగ్గించలేం, థర్మోస్టాట్‌కు తగిలించలేం, వేడి ఆపుదామంటే యూవీ కూడా ఆగిపోతుంది. చిన్న జాలీ పంజరంలో ఊసరవెల్లికి దాన్ని సిఫారసు చేసే దుకాణదారు ఈ ఒక్క సంగతైనా ఆలోచించాడా?

కాలిన గాయాల మాట కూడా చెప్పాలి. వెయిల్డ్ ఊసరవెల్లి తల మీద ఎముక శిఖ ఎత్తుగా లేచి ఉంటుంది, వీపు మీద ముళ్ల వరస ఉంటుంది. దీపానికి అన్నిటికంటే దగ్గరయ్యేవి అవే. సన్నటి స్పాట్ బల్బు ఒంట్లో రూపాయి బిళ్లంత చోటును కాల్చేస్తుంటే మిగతా ఒళ్లు ఇంకా చల్లగానే ఉంటుంది, అందుకని జంతువు అక్కడి నుంచి కదలదు. పైగా ఇది ఎక్కే జీవి. జాలీ పట్టుకుని తలకిందులుగా వేలాడటం దానికి సహజం. డోమును నేరుగా జాలీ మీద బోర్లిస్తే బల్బుకూ పాదాలకూ మధ్య మిగిలేది వేలెడంత. యూవీ ట్యూబు విషయంలోనూ ఇదే ప్రమాదం, కొమ్మ దగ్గర 3 ఉన్న ఇండెక్స్ జాలీ దగ్గర దానికి అనేక రెట్లు. దీపాలను జాలీకి కొంత ఎత్తున నిలబెట్టే చిన్న స్టాండు కిట్‌లో పెట్టడానికి ఎంతవుతుంది? కొమ్మ దాకా కొలవడం కూడా చాలదు, కొమ్మ మీద నిలబడ్డ జంతువు వీపు దాకా కొలవాలి. ఎదిగిన మగదానికి ఆ తేడా చాలా సెంటీమీటర్లు.

ఎర్ర బల్బు మీద మాత్రం నాకు రెండో ఆలోచన లేదు, అది కిట్‌లో ఉండకూడదు. రాత్రి ఎర్ర వెలుగు జంతువుకు కనబడదు అన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో గానీ ఊసరవెల్లికి చెల్లదు. దాని కంట్లో నాలుగు రకాల శంకు కణాలున్నాయని, వాటిలో ఒకటి అతినీలలోహితాన్ని సైతం చూస్తుందని 2005లో బోమేకర్, లోవ్, ఆట్ అనే పరిశోధకులు చూపించారు. మనకంటే ఎక్కువ రంగులు చూసే కంటిని రాత్రంతా వెలుగులో ఉంచి, నిద్ర చెడగొట్టి, దాన్ని సౌకర్యమని అమ్ముతున్నారు. రాత్రి చలి వేస్తుంది కదా అంటారా? ఊసరవెల్లికి రాత్రి చల్లదనం కావాలి కూడా. ఇల్లు 18 డిగ్రీలకు దిగినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఊసరవెల్లికి ఏ దీపమూ అక్కర్లేదు. అంతకన్నా బాగా చలి పట్టే ఇళ్లలో వెలుగివ్వని సిరామిక్ హీటరు ఉంది, థర్మోస్టాట్ ఉంది.

అమరికలు ఇంటికొక రకం, పెట్టె మీద అంకె రాస్తే జనం తప్పుదారి పడతారు అని మీలో కొందరు అంటారు. నిజమే, అమరికలు మారతాయి. అందుకే ఒక్క అంకె కాకుండా పట్టిక అడుగుతున్నాం: జాలీ ఉంటే ఇంత, లేకపోతే ఇంత, రిఫ్లెక్టర్‌తో ఇంత, ఫలానా దూరంలో ఇంత. మీలోనే కొన్ని కంపెనీలు కొన్ని దీపాలకు ఇప్పటికే ఇలాంటి పట్టికలు ఇస్తున్నాయి. ఒకరికి సాధ్యమైంది మిగతావారికి ఎందుకు కాదు? పట్టిక చదివే ఓపిక కొనేవాళ్లకు లేదనడం మరీ అవమానం. రంగులు మారే ఓ జీవి కోసం వేలకు వేలు పోసి, పురుగులు పెంచి, మొక్కలు నాటి, రోజూ నీళ్లు చిలకరించే మనిషి నాలుగు వరుసల పట్టిక చదవలేడా?

వెలుగు కళ్లకు కనబడినంత కాలం దీపం పనిచేస్తోందనుకోవడం మనిషికి సహజం. ఫ్లోరసెంట్ యూవీబీ ట్యూబు మాత్రం చూడ్డానికి దివ్యంగా వెలుగుతూనే లోపల యూవీబీ హరించుకుపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిలో మార్చాల్సిందే. వాడకం మొదలుపెట్టిన తేదీ రాసుకోవడానికి ట్యూబు కొస మీద ఓ చిన్న తెల్ల చీటీ అంటించండి. అంతకంటే చవకైన సంస్కరణ ఇంకోటి లేదు. యూవీ ఇండెక్స్ మీటరు ఖరీదు రెండు వందల డాలర్ల పైమాటే, ఒక్క జంతువున్న ఇంటికి అది భారం. దుకాణానికి కాదు. ప్రతి దుకాణంలో ఒకటి ఉంచి, కొన్నవాళ్లు తెచ్చిన ట్యూబును కొలిచి పెట్టొచ్చు, లేదా రెండ్రోజులకు అద్దెకివ్వొచ్చు.

మన దేశంలోని దుకాణాల వారికి ఇంకో మాట. మన పొలాల గట్ల మీద, కంచెల్లో తిరిగే ఊసరవెల్లిని పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దానికి దీపం అమ్మడం కూడా ఆ నేరానికి చెయ్యి కలపడమే. పైన చెప్పిన విదేశీ ఊసరవెల్లులు అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి 2024లో వచ్చిన నిబంధనల కింద వాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పెట్ షాపులకు 2018 నిబంధనలున్నాయి, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు కావాలి. జంతువుకు కాగితాలు అడిగే దేశంలో, ఆ జంతువు ఎముకలను నిలబెట్టే దీపానికి కొలత అడగకపోవడం ఎలాంటి సంక్షేమం? అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలోకి పిల్లల ముచ్చట కోసం వెళ్తున్న కిట్లూ ఇవే. అక్కడి సూపర్ స్టోరులో కొన్నా, ఇక్కడి ఆన్‌లైన్ అంగడిలో కొన్నా పెట్టె మీది మౌనం ఒకటే. సరీసృపాలను చూడగల పశువైద్యులు మన ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కాళ్లు వంగాక పరుగెత్తుకెళ్లడానికి చోటు లేని దగ్గర, మొదటి రోజే సరైన దీపం పడటం ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

కాబట్టి మా కోరిక సూటిగా చెబుతున్నాం. తయారీదారులు ప్రతి దీపం పెట్టె మీదా దూరాల వారీ యూవీ ఇండెక్స్ పట్టికను, వర్ణపటం గ్రాఫును, మార్చాల్సిన గడువును అచ్చువేయాలి. ఎడారి, అడవి బొమ్మల స్థానంలో ఫెర్గుసన్ వర్గం సంఖ్య రావాలి. దుకాణదారులు ఊసరవెల్లి కిట్‌లోంచి మెలికల బల్బు తీసి, పంజరం వెడల్పుకు సరిపడే టీ5 ట్యూబు, రిఫ్లెక్టర్, ఎత్తు స్టాండు, థర్మామీటరు పెట్టాలి. వేడి బల్బును కొనేవాడి గది ఉష్ణోగ్రత అడిగాకే ఇవ్వాలి. ధర పెరుగుతుంది, ఒప్పుకుంటాం. ఆ ధర పెట్టలేనివాడు ఊసరవెల్లిని కొనకపోవడమే మేలు, ఆ మాట కౌంటర్ దగ్గర మీరే చెప్పాలి. కొత్త పెట్టెలు అచ్చు కావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఎర్ర బల్బును కిట్‌లోంచి తీసేయడానికి మాత్రం అచ్చు దాకా ఆగనక్కర్లేదు, ఈ వారమే తీసేయండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారుల తరఫున
ఒక వ్యాసకర్త